లోటు లేనివాడు

కోట, ఆదివారం రాత్రి.

సాయంత్రం పక్క చేను రాఘవరెడ్డి వచ్చినాడు. రొయ్యల గుంట గట్టు మీద కూర్చుంటే మళ్లీ దేవుడి మీదే వాదన. నేను ఎప్పటిలాగే చెప్పినాను. "ఈ గుంట, ఆ సముద్రం, నువ్వూ నేనూ అసలు లేకుండా ఉండొచ్చు. దేవుడు మాత్రం లేకుండా ఉండటానికి వీల్లేదు. ఆయనకి ఏ లోటూ లేదు."

"లోటే లేనోడికి నీతో ఏం పని అన్నా?"

"ఏ పనీ లేదు. అవసరం లేకుండా ప్రేమిస్తాడు చూడు, అదే పరిపూర్ణత."

ఇన్నేళ్లలో మొదటిసారి వాడి మీద గెలిచినాననుకున్నా.

వాడు గుంటలోకి చూస్తా, "మార్త వదిన అట్లా కాదు కదన్నా. నువ్వు ఇంటికి రాందే అన్నం ముట్టేది కాదు" అన్నాడు.

నా భార్య పోయినప్పటి నుంచి ఆమె పేరు నా ముందర ఎవరూ ఎత్తలేదు. వాడు నా భుజం మీద చెయ్యేసి, చీకటి పడేదాకా అట్లానే కూర్చున్నాడు.

ఇందాక ప్రార్థనకి మోకరించినాను. ప్రభువా, నీకు ఏ లోటూ లేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఈ ఇంట్లో నేను లేకపోతే ఆ లోటు తెలిసే మనిషి ఒకరు కావాలయ్యా...

ఇట్లా అడగొచ్చో లేదో తెలియదు. ఆమేన్ అనకుండానే లేచినాను.