మూడో పాటలో ఎగిరిపోయిన మాట

హాలిఫాక్స్,
మంగళవారం.

సుధామయికి,

నేనిక్కడ క్షేమం. నువ్వూ, మోకాలి ఆపరేషనైన మన అమ్మాయి అనితా అక్కడ లండన్‌లో క్షేమమని తలుస్తాను. క్షేమమని రాశానే గానీ, మూడు రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. ఎందుకో చెబుతాను, తొందరపడకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. కిటికీలో కరివేపాకు మొక్క నాలుగు రెబ్బలు వేసింది. రెండు నేనే చారులో వేసుకున్నాను, తిట్టుకో. శనివారం అక్కడి సీనియర్స్ క్లబ్బులో నువ్వు పాడబోతున్నావంటే సంతోషమే. "నా జాజ్ రికార్డు వెంటనే కొరియర్ చెయ్యండి, పియానో ఆయన విని నేర్చుకోవాలట, దాని మీద గీత పడి ఉన్నా ఫరవాలేదు" అని రాశావు. ఇంకా పంపలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ దేశం వచ్చిన ఏడాది చర్చి సేల్‌లో కొన్నావు దాన్ని. అట్ట మీద నల్లగౌను ఆవిడ. అన్నీ తనను వదిలిపోయినవాణ్ణి తలుచుకుని, చెవిలో చెప్పినంత సన్నగా పాడిన పాటలు. నేను ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర అవి వింటూ కళ్లు తుడుచుకునేదానివి. ఏమైందంటే, "ఏం లేదండీ, పాట బాగుంది. పేరు త్యాగరాజు, చెవి మాత్రం సున్నా మీకు!" అని నవ్వేసేదానివి.

మూడో పాటలో గీత పడిన చోట ముల్లు ఎగిరి దూకేది. నువ్వూ అలాగే దూకి పాడటం అలవాటు చేసుకున్నావు. ముప్పై ఎనిమిదేళ్లుగా మన వంటింట్లో ఆ పాట ఒక లైను లేకుండానే వినపడింది. అక్కడ నలుగురిలో అలా పాడితే ఎలాగని మొన్న శనివారం ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లాను. పాత రికార్డుల కొట్లో ఇంకో కాపీ దొరికింది. నోరు విప్పకుండా అది పంపేసి పాపం సగం కడుక్కుందామనుకున్నాను.

సరిగ్గా పలుకుతుందో లేదోనని ఇంటికొచ్చి పెట్టాను. ఈసారి ముల్లు దూకలేదు. అక్కడ ఆవిడ ఏమంటుందో తెలుసా? తెలుగులో చెప్పాలంటే, "నీ మీద ఫిర్యాదు చెప్పుకోవడానికైనా నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?" అంటుంది. ఇక కుర్చీలో కూర్చోలేకపోయాను.

సుధా, ఆ గీత అనిత గీసింది కాదు. నేను గీశాను. నువ్వు ఎవరికోసమో ఏడుస్తున్నావని నా అనుమానం. నువ్వు బజారుకెళ్లినప్పుడు నా డ్యూటీ కోటుకున్న పేరుబిళ్ల పిన్ను ఊడదీసి, నువ్వు మళ్లీ మళ్లీ వినే పాట మీదే గీశాను. సాయంత్రం నువ్వు ఏడేళ్ల పిల్ల చెంప పగలగొట్టావు. "ఐ డిడింట్ టచ్ ఇట్, మమ్మీ!" అని అది ఏడుస్తుంటే నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పలకరించే మనిషి లేని ఊళ్లో నువ్వు నాకోసమే ఎదురుచూసి ఏడ్చావని ఇన్నేళ్లకు బుర్రకెక్కింది. సిగ్గుగా ఉంది.

రెండు రికార్డులూ బ్యాగులో సర్దాను. శుక్రవారానికి ఫ్లైట్ బుక్ చేశాను. కొరియర్‌లో ఈ ఉత్తరం ముందే అందుతుంది. నన్ను రావద్దంటే ఫోన్ చెయ్యి, రికార్డు ఒక్కటే పంపుతాను. రమ్మంటే మాత్రం అనితకు నువ్వేమీ చెప్పకు, దానికి నేనే చెప్పుకోవాలి.

శనివారం ఆ లైను వదలకుండా పాడు. ముందు వరసలో కూర్చుంటాను. ఈసారి చేతిలో పేపరు ఉండదు.

ఇట్లు,
నీ భర్త, అనిత నాన్న,
త్యాగరాజు