నాన్న చేతిలో పిల్లనగ్రోవి

కవిటి, మంగళవారం రాత్రి

డయాలసిస్ కోసం నాన్న ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి పెట్టిన ఫిస్టులాకి ఈరోజు కట్టు విప్పారు. అది లాటిన్ మాటని, గొట్టమని అర్థమని డాక్టరమ్మ చెప్పింది. పూర్వం పిల్లనగ్రోవినీ అలాగే పిలిచేవారట. ఆ మాట ఎలా పుట్టిందో మాత్రం ఎవరికీ తెలీదట.

ఆపరేషన్ నుంచి ముభావంగా ఉన్న నాన్న, ఇంటికి రాగానే అమ్మను పిలిచాడు. "ఇలగ రాయే, సెవి పెట్టి సూడు. ఏటి ఇనిపిత్తంది?"

అమ్మ ఆయన మణికట్టుకి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. "తుమ్మెద తిరుగుతన్నట్టుంది."

"పిల్లంగోవంటే అది!" నాన్న నవ్వాడు. ఎన్నాళ్లకో.

ఆ చప్పుడు ఆగితే వెంటనే తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఆ సంగతి అమ్మకింకా చెప్పలేదు. ఇందాక చెబుదామని వెళ్తే, ఆయన చేతి మీద చెవి అలాగే ఉంచి నిద్రపోయింది. లేపాలనిపించలేదు.