లక్షలు మింగిన నాలుగు లైన్లు

చిరంజీవి సౌభాగ్యవతి ఛాయాదేవికి,

అమీర్‌పేట నుంచి కామరాజు రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నువ్వు నాకు అప్పజెప్పిన తులసి మొక్కా క్షేమం. అక్కడ నువ్వూ, బాలింత అయిన మన అమ్మాయి హరిణీ, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మోకాలికి నూనె రాస్తున్నాను. రెండు పూటలా ఎస్.ఆర్. నగర్ మెస్సులోనే భోజనం. సాంబారులో ముక్క తగిలిన రోజు పండగే. పాలు కాచడం వచ్చింది, పొంగకుండా చూడడం ఇంకా రాలేదు. ఇక ఆఫీసులో మెషీను గోల తీరిందా అన్నావు. తీరింది. ఎలా తీరిందో ఫోన్లో చెప్పలేను. హరిణి అత్తగారు పక్కనే ఉంటారు, నీ మొహం చూసి ఏమైందని అడుగుతారు. అందుకే ఈ ఉత్తరం.

పంజాగుట్టలో మా మందుల హోల్‌సేల్ బిల్లులన్నీ ఒకే పెద్ద కంప్యూటర్ మీద నడుస్తాయని నీకు తెలుసు. అది కొన్నేళ్ళుగా నత్తనడక నడుస్తోంది. దాన్ని అమ్మిన కంపెనీ మనిషి వచ్చి, ఇంకో ప్రాసెసర్ కావాలి, ముప్ఫై ఒక్క లక్షలు అన్నాడు. పెట్టె ఎప్పుడు దిగుతుందని అడిగితే ఏమీ దిగదట. ఆ ప్రాసెసర్ కొన్న రోజు నుంచీ మా మెషీన్లోనే ఉందట, తాళం వేసి. డబ్బు కడితే ఒక కోడ్ పంపిస్తారు, టైపు చేసుకోవడమే. రెండు గదుల ఇల్లు కొని, ఒక గది వాడుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టడం ఎక్కడైనా విన్నావా?

మా యజమాని రామ్మోహనరావు గారు బేరమాడి, సోమవారం సంతకం పెడతానన్నారు. ఖర్చు సర్దుకోవడానికి వచ్చే నెల నుంచి అనుపమను మానిపించేద్దామన్నారు. సిద్దిపేట వైపు పిల్ల, నా దగ్గర ప్రోగ్రాములు రాస్తుంది. ఆ మాట విని ఏడవలేదు. తన పని నాకు అప్పగించడానికి బిల్లుల ప్రోగ్రాము మొదటి నుంచీ చదువుతూ కూర్చుంది. శనివారం నన్ను పిలిచింది.

"సార్, గీ నాలుగు లైన్లు ఏం చేస్తున్నయ్? ఊకెనే లెక్కపెడుతున్నయ్ గదా."

చూశాను. అవి నేను రాసినవే. మనం ఎర్రగడ్డలో అద్దెకున్న రోజుల్లో పాత ప్రింటర్ ఒకటి ఉండేది. బిల్లులు వెంటవెంటనే వస్తే కాగితం చిక్కుకునేది. దానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలని, ఒక్కో బిల్లుకీ మెషీను లక్ష దాకా లెక్కపెడుతూ ఆగేలా రాశాను. కొత్త మెషీను వచ్చినప్పుడల్లా అది వేగంగా లెక్కపెట్టేస్తుంటే నేనే సున్నాలు పెంచాను. ప్రింటర్ తుక్కులోకి పోయి ఎనిమిదేళ్ళు. నేను మర్చిపోయాను, మెషీను మర్చిపోలేదు. ఆ లైన్లు తీసేశాం. నాలుగు గంటల పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అనుపమ చప్పట్లు కొట్టింది.

సోమవారం సంతకానికి ముందే రామ్మోహనరావు గారికి అంతా చెప్పాను. ఆయన కలం మూసి, అనుపమను ఉండమన్నారు. నన్ను కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది.

ఇప్పుడు నీకు చెప్పని మాట. రెండేళ్ళ కిందట ప్యాకింగ్ చేసే ఓదెలును తీసేశారు, గుర్తుందా? వాళ్ళావిడ పోచమ్మ మనింటికొచ్చి ఏడిస్తే నువ్వు బియ్యం ఇచ్చి పంపావు. మందులు ఆలస్యంగా వెళ్తున్నాయని నేరం అతని మీద పడింది. ఆలస్యం అతనిది కాదు, బిల్లులే ఆలస్యంగా వస్తున్నాయని నాకు తెలుసు, ఛాయా. మెషీను మాటెత్తితే నామీదికొస్తుందని నోరు మెదపలేదు. నీకేమో కంపెనీ నష్టాల్లో ఉందని అబద్ధం చెప్పాను. నేనింత పిరికివాణ్ణని నాకే తెలియదు.

నిన్న ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళాను. ఓదెలు ఇప్పుడు అక్కడ మూటలు మోస్తున్నాడు. అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. నెత్తిమీది మూట దించి, "జర మా ఇంటికొచ్చి గీ మాట చెప్పుర్రి సార్. నేను చెప్తే మా పోచమ్మ నమ్మది" అన్నాడు.

వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. పోచమ్మ నావైపు చూడనైనా లేదు. మొగుడి వైపు తిరిగి, "రెండేండ్ల సంది పనిదొంగవని తిట్టిన గదయ్యా నిన్ను" అంది.

ఇట్లు,
మీ ఆయన
కామరాజు