కర్చీఫ్ వేసిన స్టూలు

ఆగస్టు 17, సోమవారం

షాపులో రమణక్క కూర్చునే స్టూలు తీసేశారు. పొద్దున వెళ్లేసరికి చీరల సెక్షన్లో లేదు. మేనేజరుగారిని అడిగితే — "కూర్చోవాల్సింది కస్టమర్లమ్మా, మనం కాదు. శ్రావణమాసం, ఇప్పుడా మీ కూర్చోడాలు?" రోజంతా నిలబడి చీరలు విప్పడం, మడతపెట్టడం. అక్కది మా అమ్మ వయసు. పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా...

సాయంత్రం కంకిపాడు బస్సు ఆగకముందే కిటికీలోంచి చున్నీ విసిరాను, రెండు సీట్ల మీద పడేలా. అక్కని కూర్చోబెట్టాను. వెనక ఒకాయన — "ఆడాళ్లకి ఎక్కడం ఫ్రీ, పైగా రిజర్వేషనా?"

"మీరూ వెయ్యండి బాబాయ్ ఒక గుడ్డ. ఎవరొద్దన్నారు."

అక్క నవ్వింది.

ఆగస్టు 18

సీటు దొరకలేదు. కానూరు దాకా ఒక కాలి మీద, అక్కణ్నుంచి ఇంకో కాలి మీద.

ఆగస్టు 19

సీటు ఆపినా అక్క కూర్చోలేదు. "కూర్చుంటే మళ్లీ లేవలేనమ్మాయ్. పోరంకిలో దిగాలిగా." కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు, కవర్లో పెట్టుకుంది. కాసేపటికి తనే చెప్పింది, కిటికీ వైపు చూస్తూ — నిలబడలేకపోతే మానేయమన్నారట మేనేజరుగారు. నిలబడే పిల్లలు బోలెడుమంది ఉన్నారట. అక్క మానేస్తే ఆ ఇల్లు నడవదు. ఆయనకి తెలియదా? తెలుసు.

నేను చున్నీ తీసేదాకా ఆ సీటు ఎవరూ ముట్టుకోలేదు, అంత రద్దీలోనూ. గుడ్డముక్కకి అంత మర్యాద. మా షాపు నిండా గుడ్డలే...

ఆగస్టు 20

ఇంట్లో ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని బస్సెక్కాను. కండక్టరు — "దీనికి టికెట్ కొట్టాలా, ఇదీ ఆడదేనా?"

"ఆడదేనండీ. నాలుగు కాళ్లు, ఒక్కటీ వాయలేదు."

అక్క వెనక పెట్టి, పైన నా కర్చీఫ్ వేశాను. మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టుకోలేదు. మేనేజరుగారు కూడా పక్కనుంచి తప్పుకుని వెళ్లారు — అలవాటు అలాంటిది. అక్క కాసేపు కూర్చుంది కూడా. అన్నం తిని వచ్చేసరికి స్టూలు గోడౌన్లో. కర్చీఫ్ కౌంటరు మీద. అంచులు కలిపి, చీర మడతపెట్టినట్టు.

బస్సులో అక్క — "నా కోసం నువ్వు మాట పడకే." నోరు తెరిస్తే అరిచేదాన్ని.

ఆగస్టు 21, శుక్రవారం

అక్క రాలేదు. ఫోను చేస్తే — "కాలు కింద పెట్టలేకపోతున్నా." సాయంత్రం అలవాటుగా రెండు సీట్లకీ విసిరాను చున్నీ. బెంజి సర్కిల్లో ఒకావిడ ఎక్కి — "ఎవరన్నా వస్తారామ్మా?"

"వస్తారండీ."

పటమట దాటాక తీసి ఆవిడని కూర్చోబెట్టాను. మందుల షాపులో పనట. పొద్దుటినుంచి నిలబడే ఉందట.

ఆవిడ పక్కన కూర్చునే ఫోన్లో మెసేజ్ కొట్టి మేనేజరుగారికి పంపేశాను. అందరం అని రాశాను గానీ మిగతావాళ్లని ఇంకా అడగలేదు. రేపు అడగాలి. ఒప్పుకుంటారో లేదో... పంపింది ఇది, మాట మారకుండా ఇక్కడా రాస్తున్నాను —

రమణక్క స్టూలు అక్క చోట తిరిగి పెట్టాలి. మానేయమన్న మాట వెనక్కి తీసుకోవాలి. లేకపోతే సోమవారం చీరల సెక్షన్లో అందరం నేల మీద కూర్చుని చూపిస్తాం చీరలు. ఆదివారం షాపు మూసేలోగా జవాబు చెప్పండి.