గోకవరం దాటాక ముప్పావుగంట

రాజమహేంద్రవరం,
నవంబరు, మంగళవారం.

చిరంజీవి మణిశంకర్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాళ్ళు బాగాలేవు గానీ వాటిని ఇంట్లో మనుషుల కింద లెక్కవెయ్యక్కర్లేదు. నువ్వూ, నీ సిమెంటు ఫ్యాక్టరీ, ఆ రాజస్థాన్ ఎండా కులాసాయే అనుకుంటాను.

ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకని ఎప్పుడూ విసుక్కుంటావు. ఫోన్లో నీ మాట నాకు సగమే వినిపిస్తుంది, నా మాట మాత్రం వీధి చివర ఇస్త్రీబండి దాకా వినిపిస్తుంది. ఈసారి సంగతులు ఇస్త్రీబండి దాకా వెళ్ళకూడదు. అయినా ఎప్పుడూ అరపేజీ రాసేవాడివి మూడు పేజీలు రాశావంటేనే నాకు అనుమానం వచ్చింది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. విశాఖపట్నం హాస్టల్లో తిండి బాగాలేదని లావణ్య అంటోంది, మనిషి మాత్రం ఒళ్ళు చేసింది. కూతురి మాట నమ్ముతావో, కూతురి బుగ్గలు నమ్ముతావో నీ ఇష్టం. మాగాయ పార్సిలు పంపి నెల దాటింది. అందిందని నువ్వు రాయలేదు. అందకపోతే పోస్టాఫీసును అనుమానించాలి, అందితే నిన్ను.

ఇక నీ మూడో పేజీ.

దుర్గ ప్రతి ఆదివారం సైకిలు మీద ఎక్కడికి వెళుతోంది, ఎవరితో వెళుతోంది, ఈ వయసులో కొండలెక్కడం ఏమిటి, నేను సెలవు మీద వచ్చేలోగా ఆ సైకిలు అమ్మించెయ్యి. ఇదీ సారాంశం. పెళ్ళాన్ని అడగవలసినవి తల్లిని అడిగావు. సరే, అనుమానం పని మీద వచ్చావు కాబట్టి సరైన చోటికే వచ్చావు. నీకంటే ముందే నేను మొదలుపెట్టాను.

కాలేజీలో జువాలజీ చెప్పే మనిషి, సుగర్ ఉంది కాస్త నడవండి అని డాక్టరంటే, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు ఉన్న సైకిలు కొనుక్కొచ్చింది. దాని టైర్లు మన చేగోడీల కంటే లావుండవు. మొదట్లో బ్రిడ్జి ఎక్కి కొవ్వూరులో దిగి వచ్చేసేది. మన డెల్టాలో ఎత్తంటే అదే కదా, మిగతాదంతా పీట వాల్చినట్టు ఉంటుంది. తర్వాత కడియంలో నర్సరీ ఉన్న శ్యాంబాబు, ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య, వీళ్ళతో కలిసి కోరుకొండ రోడ్డు పట్టింది. గోకవరం దాటితే జీడిమామిడి తోటలు, ఆపైన అడవి, రంపచోడవరం, ఆ పైన మారేడుమిల్లి ఘాటు రోడ్డు. ఎంత బాగుంటుందో చూడండని ఫోటోలు చూపించేది. నా దిగులంతా చూపించని ఫోటోల గురించి.

పైగా ఇంటికొచ్చి, వంటింట్లో ఒక్కత్తీ నవ్వుకునేది.

"ఏమిటే అమ్మాయ్, ఆ నవ్వు?" అన్నాను ఒకరోజు.

"ఏం లేదండి అత్తయ్యగారూ. గాలి."

గాలికి నవ్వానంటే ఏ అత్తగారు నమ్ముతుంది, చెప్పు?

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. అది చదివాక నా అనుమానం మెల్లిగా లేచి దుర్గ పక్కనుంచి నీ పక్కకి వచ్చి కూర్చుంది. "గోకవరం దాటాక ఏదో హోటల్ దగ్గర ప్రతిసారీ ముప్పావుగంట ఆగుతోందట, ఎందుకు?" అని రాశావు. కొవ్వూరు మామయ్య చూసి చెప్పాడని కూడా రాశావు. మా తమ్ముణ్ణి నేను అడగనని ఎలా అనుకున్నావురా?

నరసింహమూర్తి ఏమన్నాడో వాడి మాటల్లోనే రాస్తున్నాను. "అక్కయ్యా, కంట్లో శుక్లం తీసి కట్టు కట్టారు. గుమ్మం ముందున్న గోదారే కనబడి చావట్లేదు, నాకు గోకవరం కనబడుతుందా? మణిశంకర్ ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేదు."

ముప్పైయేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో పరీక్షలకు కాపలా కాసినదాన్ని. కాపీ కొట్టిన పిల్ల తప్పు రాసి దొరకదు. తనకు తెలిసే వీల్లేని ఒప్పు రాసి దొరుకుతుంది.

ఈ సైకిళ్ళవాళ్ళకు ఫోన్లో ఒక యాప్ ఉంది. ఎక్కడ బయల్దేరారు, ఎంత ఎత్తు ఎక్కారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు, అన్నీ గీత గీసి చూపిస్తుంది. చూసినవాళ్ళు మెచ్చుకోలుగా బొటనవేలు గుర్తు పెడతారు. దసరాకు వచ్చినప్పుడు లావణ్య నా ఫోన్లోనూ పెట్టింది, నా పేరుతో, కళ్ళజోడు ఫోటోతో సహా. దుర్గ గీత కింద ప్రతి ఆదివారం పెద్దిరాజు అనే ఆయన బొటనవేలు ఉంటుంది. ఆయనకు ఫోటో లేదు. సొంతంగా సైకిలు తొక్కిన గీత ఒక్కటీ లేదు. ఆ గుంపులో ఎవరికీ ఆయనెవరో తెలియదు.

నాకు తెలుసు. పెద్దిరాజు మీ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. దొంగపేరు పెట్టుకోవడానికి కూడా నిన్ను ఎండలో నిలబెట్టిన మనిషే దొరికాడా నీకు?

సరే, నీ గుట్టు చెప్పాను కాబట్టి నాదీ చెప్పాలి. గోకవరం దాటాక ఆ ముప్పావుగంట ఉంది చూశావూ, అది నేనే.

సెప్టెంబరులో ఒక ఆదివారం గుడికని చెప్పి మొదటి గోకవరం బస్సెక్కాను. అక్కణ్ణించి ఆటోలో ముందుకు వెళ్ళి, ఎత్తు మొదలయ్యే చోట ఒక చిన్న హోటల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గుంపు వెళ్ళిపోయింది. చాలాసేపటికి దుర్గ వచ్చింది. ఒక్కత్తే. సైకిలు గోడకానించి, నావైపు చూడను కూడా చూడకుండా హోటలాయనతో అంది: "రెండు పెసరట్లండి. ఒకటి ఉల్లిపాయ లేకుండా, ఆ పేపరు వెనకాల ఉన్నావిడకి."

వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇంత మోకాళ్ళ నొప్పులతో వచ్చారు. నన్ను పట్టుకోడానికేనా?"

"పట్టుకోడానికే. ఎవరితో పట్టుకోవాలో తెలీక కూర్చున్నాను. మిగతావాళ్ళేరి?"

"పైకెళ్ళిపోయారండి. నాకా మొదటి ఎత్తే ఎక్కడం రాదు. దిగి తోసుకుంటూ వెళతాను. ఇంట్లో చెబితే నవ్వుతారని చెప్పలేదు."

"మరి నువ్వు నవ్వేదో?"

"దిగేటప్పుడు గాలండి. చెప్పాను కదా."

నేను నమ్మలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆపైన నమ్మి వెళుతున్నాను, పెసరట్టు కూడా బాగుంటుంది. పోయిన నెల ఆ ఎత్తు దిగకుండా ఎక్కేసింది. హోటల్ బయట కుర్చీ వేయించుకుని మరీ చూశాను. మలుపు తిరిగేముందు ఒక చెయ్యి వదిలి నాకు ఊపింది. పడతావే అని నేను అరిచిన అరుపుకు హోటలాయన చేతిలో అట్లకాడ జారిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. డిసెంబరు మొదటి ఆదివారం వీళ్ళు మారేడుమిల్లి ఘాటు ఎక్కాలనుకున్నారు. దానికోసమే దుర్గ ఇంత పాటుపడింది. మొన్న ఆదివారం పెసరట్టు సగం తిని పక్కకు తోసేసింది.

"నేనింక మానేస్తానండి అత్తయ్యగారూ. ఎవడో పెద్దిరాజట. నేనెక్కడ ఆగుతున్నానో, ఎంతసేపు ఆగుతున్నానో చూస్తున్నాడు. ఎత్తు మీద వెనకబడి అడవిలో ఒక్కదాన్నే ఉంటాను. వెనక బండి చప్పుడైతే చాలు, వాడేనేమోనని వెనక్కి తిరిగి చూస్తున్నాను. గాలి కూడా తెలియట్లేదు."

విన్నావా? నీ పెళ్ళాం అడవి రోడ్డు మీద వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటోంది, నువ్వేమోనని కాదు, ఎవడోనని. జవాబు నోట్లో పెట్టుకుని కూడా నేను మాట్లాడకుండా ఊరుకున్నాను. అది నేను చెప్పే జవాబు కాదు.

ఈ ఉత్తరం అందిన రోజే ఫోన్ చెయ్యి. నాకు కాదు, దుర్గకు. పెద్దిరాజు నువ్వేనని చెప్పు. తిడుతుంది, పడు. కొన్నాళ్ళు మాట్లాడదేమో, అదీ పడు. సైకిలు అమ్మే మాట మాత్రం ఎత్తకు. డిసెంబరు వచ్చేలోగా నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను, మాగాయ సంగతి కూడా కలిపి.

ఒక్కటే నాకు తేలలేదు. దొంగచాటుగా చూసేవాడు చూసి పోతాడు గానీ, వేలిగుర్తు పెట్టి పోడు కదా. మరి నువ్వెందుకు పెట్టావు? మొదటిసారి చెయ్యి జారిందనుకోవచ్చు, ప్రతి ఆదివారం జారుతుందా? అంత ఎత్తెక్కిందే అని మెచ్చుకున్నావేమోనని నా అనుమానం. నా అనుమానాలు ఊరికే పోవని నీకు తెలుసు.

ఆ ఆదివారం నేను రంపచోడవరం బస్సెక్కి, ముందే వెళ్ళి కూర్చుంటాను. నువ్వూ చూడకుండా ఉండలేవు. చూడు, కానీ నీ పేరుతో, నీ ఫోటో పెట్టుకుని చూడు. దుర్గ ఘాటు ఎక్కాక ఆ బొటనవేలేదో అప్పుడు పెట్టు.

ఇట్లు,
నీకు అమ్మ, ఆదివారాలు దుర్గకు అత్తయ్యగారు,
సీతారామలక్ష్మి