పిన్నీసు తీసిన చోటు

అమ్మా,

నువ్వు పోయి ఏడాదయింది. తమ్ముడికి పుట్టబోయే బిడ్డ కోసమని క్రోషాతో సగం అల్లిన జ్ఞానస్నానపు శాలువా నా బల్ల మీదే ఉండిపోయింది. చివరి కుట్టు ఊడిపోకుండా నువ్వు గుచ్చిన పిన్నీసు తీయడానికి నాకు చేతులు రాలేదు. అల్లుదామని కూర్చుంటే రాయాల్సిన కథ గుర్తొచ్చేది, రాయబోతే పిల్లలకు ఆకలయ్యేది. ఈ ఆదివారమే చాంపియన్ రీఫ్స్ చర్చిలో తమ్ముడి పాపకు జ్ఞానస్నానం.

ఈ రోజు చూస్తే పిన్నీసు లేదు. శాలువా కాస్త పెరిగినట్టుంది.

"ఎవరే దీన్ని ముట్టుకున్నది?" అని అరిచాను.

"నేనే మా," అంది నీ ఎనిమిదేళ్ల మనవరాలు. "అమ్మమ్మ నేర్పిచ్చినాది కదా! నువ్వు ఇంగ యాడ అల్లుతావు? ఎప్పుడు చూసినా రాస్తానే ఉంటావు. అంతలోకి పాప ఇస్కూలుకి పోతాది."

వంకర కుట్లన్నీ విప్పేద్దామని దారం లాగబోయి ఆగిపోయాను. చివరి రోజుల్లో నీ చేయి వణికేది. నీ కుట్లూ వంకరే. నువ్వు ఎక్కడ ఆపావో, అది ఎక్కడ అందుకుందో తెలియడం లేదు.

"యాడ నుంచి అల్లినావు?" అని అడిగాను.

"మర్చిపోయినాను మా," అంటూ క్రోషా సూది నా ముందు పెట్టి ఆడుకోవడానికి పోయింది.

దారం వదిలేశాను. సూది మాత్రం ఇంకా పట్టుకోలేదు. పట్టుకోనా అమ్మా?