మూల మడిచిన పొట్లం

అత్తయ్యగారికి నమస్కరించి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. మీరు, మీ అబ్బాయి, కోడలు కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలిసి స్థిమితపడ్డాను.

ఆ రోజు ఎలా గడిచిందో మళ్ళీ అడిగారు. మీ అమ్మాయి పొద్దున ఆరింటికి లేచింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు చదివింది. పదింటికి స్నానం చేసింది. జడ తనే వేసుకుంది. పన్నెండున్నరకి భోజనానికి కూర్చున్నాం. ఒంటిగంటకి పడుకుంది. నాలుగింటికి టీ తీసుకెళ్ళాను. రెండుసార్లు పిలిచాను. కప్పు బల్ల మీద పెట్టి చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే చల్లబడింది.

కంటి ఆపరేషను అయ్యాక చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయన్నారు. అందుకే పెద్ద అక్షరాలతో, వరస విడిచి వరస రాస్తున్నాను. కవరు లావుగా ఉందని కంగారుపడకండి, నేనేమీ మాటకారిని అయిపోలేదు.

నా తిండికి లోటు లేదు. వండుకుంటున్నాను. పక్క వాటాలో ఉండే దర్జీ ఆవిడ రెండు రోజులకోసారి కూర పంపుతుంది. వద్దని చెప్పబోతే, గిన్నె వెనక్కివ్వండి చాలు, కూర కాదు అంటుంది. మీ దగ్గరికి వచ్చి ఉండమని రాశారు. ఆ మాట నాకు కొండంత అండ. అయితే ఈ ఉత్తరం చివరిదాకా చదవండి. చదివాక కూడా రమ్మనిపిస్తే అప్పుడు మళ్ళీ పిలవండి.

చేపని కాగితంలో చుట్టి ఓవెన్‌లో పెడితే కాగితం అంటుకోదా అని అడిగారు. అంటుకోదు. అది మామూలు కాగితం కాదు, అంత వేడికి తట్టుకునేలా చేసిన వంట కాగితం. అది లేనప్పుడు ఫాయిల్ వాడతాను. ముల్లు తీసిన తెల్లచేప ముక్క, అరచేతి మందం. తడి లేకుండా అద్ది కాగితం మధ్యలో పెట్టాలి. కింద ఉల్లిపాయ, క్యారెట్టు సన్నగా తరిగి పరవాలి. పైన రెండు నిమ్మ చక్రాలు, మిరియాల పొడి, చెంచాడు నూనె. కాగితం మీదికి మడిచి అంచులు చుట్టూ నొక్కుకుంటూ రావాలి. ఆవిరి బయటికి పోకూడదు. అదే కిటుకు. తన నీళ్ళలో తనే ఉడుకుతుంది. పదిహేను నిమిషాలకి పొట్లం బూరెలా పొంగుతుంది. అప్పుడు తీసి, రెండు నిమిషాలు ఆగి, మొహం దూరంగా పెట్టి చింపాలి.

గుండె బలహీనంగా ఉంది, ఒంట్లో నీరు చేరుతోంది, ఉప్పు మానెయ్యాలి అని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఈ వంట నాది. ముప్పై ఏళ్ళు ఆఫీసులో నక్షాలు గీసి మడిచినవాణ్ణి, అంచులు మడవడం నాకు కొత్త కాదు. రెండు పొట్లాలు చేసేవాణ్ణి. తనది చప్పిడి. నాదానిలో ఉప్పు. తారుమారు కాకుండా నా పొట్లానికి ఒక మూల మడిచేవాణ్ణి. ఓవెన్‌లో పెట్టి స్నానానికి వెళ్ళేవాణ్ణి. వచ్చేసరికి మీ అమ్మాయి రెండూ తీసి బల్ల మీద సర్ది ఉంచేది.

కొన్నాళ్ళకి నాకు చేప రుచి తెలియడం మానేసింది. ఉప్పు వేశానని గుర్తు, నోటికి తగలదు. ఆ మాటే మీ అమ్మాయితో అన్నాను.

"ఉద్యోగానికి అయ్యాక నాలుకకీ రిటైర్‌మెంటు వచ్చినట్టుందండీ," అంది. మొహంలో ఏమీ తేలనివ్వలేదు. మీకు తెలుసుగా, చిన్నప్పటి నుంచీ అంతేనట.

ఒక రోజు చింపబోతూ నా పొట్లం వెలుతురుకి తిప్పాను. మడిచిన మూల ఉంది. అయితే తన పొట్లం మూలకి కూడా ఒక గీత ఉంది. మడత విప్పి సాపు చేసినా కాగితం మీద గీత పోదు. అది కనిపెట్టకపోతే నేను చేసిన ఉద్యోగం దండగ. నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఓవెన్ తీసి, నా మూల విప్పి, తన పొట్లానికి మూల మడుస్తోంది. ఉప్పున్నది తను తింటోంది. చప్పిడిది నాకు పెడుతోంది.

నేను నోరు మెదపలేదు. ఎందుకని మీరు అడుగుతారు. అంతకుముందు రెండు నెలలుగా తను ఏ పూటా పట్టుమని నాలుగు ముద్దలు తినలేదు. ఇప్పుడు కాగితం అడుగున మిగిలిన పులుసు కూడా వేలితో తీసి నాకుతోంది. దొంగతనం చేసి తింటున్న మనిషి మొహంలో ఆ వెలుగు చూసి నాకు ఆపబుద్ధి కాలేదు. ఇరవై రోజులు అలాగే సాగనిచ్చాను. నా పొట్లంలో నేనే ఉప్పు వేసి, చప్పిడిది తిని, బాగుందన్నాను.

ఆ తరవాత తన పాదాలు వాచాయి. డాక్టరు వేలితో నొక్కితే గుంట పడింది. ఉప్పు ఏమైనా పడుతోందా అని ఆయన అడిగారు. తను నా వైపు చూసింది. నేను, "లేదండీ," అన్నాను. ఆయన మాత్ర మార్చి రాశారు.

ఇంటికి వచ్చిన దగ్గర నుంచి రెండు పొట్లాల్లోనూ ఉప్పు మానేశాను. తనతో చెప్పలేదు. మూల మాత్రం మడుస్తూనే ఉన్నాను. నాలుగు రోజులు తను మార్చుకుంటూనే ఉంది. రోజురోజుకీ కాగితంలో ఎక్కువ మిగిల్చింది. ఉప్పేదీ అని అడగలేదు. అడిగితే దొంగ దొరికిపోతుంది. నేనూ అడగనివ్వలేదు.

నాలుగో రోజే ఆ రోజు.

చివరిపూట కడుపునిండా తిందా, నిజం చెప్పండి బాబూ, అదొక్కటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు అని రాశారు. తిని పడుకుందని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

తన పొట్లం చింపి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. చెయ్యి చాపి నా పొట్లం లాక్కుని అందులోంచి ఒక ముక్క తింది.

"రెండూ ఒకటేనండీ," అంది.

నేను తలవంచుకుని తింటున్నాను.

"ఎప్పట్నించి తెలుసు?"

"మూడు వారాలు దాటింది."

నవ్వింది. "అన్నాళ్ళూ చప్పిడి తిని, బాగుందని కూడా అన్నారా? మహానుభావులు."

అప్పుడు నేను నవ్వి ఉండాల్సింది. పాదాల వాపు కళ్ళలో మెదిలి కోపం వచ్చింది. "ఇకనుంచి ఇంతే. చిన్నపిల్లవా? తిను," అన్నాను. గట్టిగానే అన్నాను.

నవ్వు ఆపేసింది. "ఉంచండి, సాయంత్రం తింటాను," అని లేచి చెయ్యి కడుక్కుంది. వెళ్ళి పడుకుంది. తిన్నది ఆ రెండు ముక్కలే, అత్తయ్యగారూ. సాయంత్రం తింటానన్నదే నేను విన్న చివరి మాట. నేను అన్న చివరి మాట ఏమిటో రాశాను.

ఇరవై రోజులు ఉప్పు తిననిచ్చినందుకు పోయిందో, నాలుగు రోజులు తిననివ్వనందుకు ఆకలితో పోయిందో నాకు తెలియదు. రెండింట్లోనూ చెయ్యి నాదే. గుండె ఎప్పుడో అప్పుడు ఆగేదేనని అందరూ ఓదారుస్తున్నారు. వాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు. డాక్టరుకీ తెలియదు. తెలియనివ్వకుండా అబద్ధం ఆడింది నేను. ఇన్నాళ్ళూ ఆయన వీధి వైపు వెళ్ళలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

మీరు నన్ను అల్లుడని కాక కొడుకని చూసుకున్నారు. కన్నతల్లికి తెలియకూడని సంగతిని నా దగ్గర దాచుకుని మీ ఇంట్లో మీ చేతి అన్నం తినలేను. కోప్పడితే కోప్పడండి. జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను. మీరు మాత్రం వేళకి తినండి, కంట్లో మందు మానకండి.

రేపు పొద్దున తొమ్మిదింటికి డాక్టరు గది తెరుస్తారు. అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటాను. ఆయన అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పానని చెప్పి, ఆ ఇరవై రోజుల సంగతీ, నాలుగు రోజుల సంగతీ చెప్పి, ఏది ఎంత చేసిందో అడుగుతాను. ఆయన ఏం చెప్పినా అక్కడే కూర్చుని, ఒక్క మాట తగ్గించకుండా ఈ కాగితం కింద రాసి మీకు పోస్టు చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దల్లుడు